నూట తొంభై తొమ్మిది మెట్లు

విట్బీ రేవులో, చేపల మార్కెట్ వెనక
తలుపు సరిగా పడని గది.
ముప్పై ఒక్క ఏళ్లు అందులో వాల్టర్ వెరిల్
సముద్రం చేత సంతకం పెట్టించాడు.
నీటి మీద తేలే బుడ్డి, బుడ్డికో తీగ, తీగకో పెన్ను,
రోజుకో చుట్టు తిరిగే పీపా మీద కాగితం.
పోటుకు గీత లేచేది, ఆటుకు వంగేది,
ఎక్కడా చెయ్యి ఎత్తకుండా.

ఆ పెన్ను పీకేయడానికి వచ్చినదాన్ని నేను.

"నీ పెట్టె ఎన్నిసార్లు చూస్తుంది?"
పది సెకన్లకోసారి.
"మధ్యలో?"
జవాబు ఉంది, సూత్రంతో సహా.
టీలో పంచదార కలుపుతూ కూర్చున్నాను.

ఈ ఊళ్లో కొండ మీది చర్చికి మెట్లు నూట తొంభై తొమ్మిది.
పక్కనే రాళ్లు పరిచిన ఏటవాలు, ఒకప్పుడు గాడిదలది.
ఏటవాలు మీద ఎక్కడున్నావో చెప్పాలంటే వేలు చూపాలి.
మెట్ల మీదైతే అంకె చాలు: ఎనభై ఏడు.
ఎనభై ఏడున్నర అనే చోటు లేదు,
కాలు గాల్లో ఉంటే తప్ప.

మెట్ల మధ్య అక్కడక్కడ బల్లలు,
శవపేటిక మోసేవాళ్లు దించుకుని ఊపిరి పీల్చుకోవడానికి.
నా పెట్టె కూడా అంతే.
ఆ క్షణపు నీటిని కెపాసిటర్ మీద దించి, కదలనివ్వకుండా,
తక్కెడలో ముందు పెద్ద రాయి వేస్తుంది,
తర్వాత దానిలో సగం, ఆ సగంలో సగం.
పన్నెండుసార్లు అడుగుతుంది: మొగ్గిందా, లేదా?
ఎనిమిది మీటర్ల నీటికి నాలుగువేల తొంభైయారు మెట్లు.
ఒక్కోటి రెండు మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ.

మా పద్యాల మేష్టారు
గొంతెత్తి సాగదీసిన రాగాన్ని
నల్లబల్ల మీద సుద్దతో కోసేవారు:
నిలువు గీత లఘువు, గిన్నె గీత గురువు.
ఎంత ఊపిరైనా రెండే గుర్తులు.
పద్యం చావలేదు. ఎవరు చదివినా
ఆ గీతల్లోంచి మళ్లీ ఊపిరి లేచేది.
ఆయన ఊపిరి కాదు, అంతే.

మొదటివారం నా పొగరు.
బుడ్డి తేలే ఆ తుప్పు గొట్టం ఎందుకని
సెన్సర్ని తిన్నగా సముద్రంలో వేలాడదీశాను.
ఎనిమిది సెకన్లకో అల వస్తోంది,
నేను పది సెకన్లకోసారి చూస్తున్నాను.
తెర మీద నలభై సెకన్ల అల లేచింది,
నున్నగా, అందంగా,
సముద్రంలో ఎక్కడా లేనిది.
వాల్టర్ నవ్వలేదు. గొట్టం దగ్గరికి తీసుకెళ్లి
అడుగున పాత పెన్నీ అంత చిల్లు ఉందని చెప్పాడు.
"అలలు వాగుతాయి. పోటు మాట్లాడుతుంది.
ఈ చిల్లులో మాట ఒక్కటే పడుతుంది."
సెన్సర్ని గొట్టంలోకి దించాను.

పడవలవాళ్లకు అంకెలొద్దు, గోడ మీది ముల్లు కావాలి.
అంకెల్ని మళ్లీ వోల్టులు చేసి ముల్లుకిచ్చాను.
పది సెకన్లకో ఉలికిపాటు.
"నత్తి," అన్నాడు వాల్టర్.
ఒక రెసిస్టరూ ఒక కెపాసిటరూ అడ్డం పెడితే
మెట్ల అంచులు అరిగాయి,
కొండ మీది మెట్లు ఇన్నేళ్ల బూట్ల కింద అరిగినట్టు.
ముల్లు జారడం మొదలెట్టింది.

పీపా మీది చివరి కాగితం విప్పాం.
గురువారం, మధ్యాహ్నం రెండు దాటాక
గీత ఒకచోట బొద్దుగా ఉంది. తుఫానా?
"తుమ్ము," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ డయల్ అద్దాన్ని
గోటితో రెండుసార్లు తట్టాడు,
ఇరుక్కున్న ముల్లు వదులవ్వాలని.
మెట్టుకీ మెట్టుకీ మధ్య నీళ్లు చిక్కినప్పుడు
నేనూ అదే చేస్తాను. కావాలని కాస్త గోల కలుపుతాను,
నీళ్లు కాసేపు పై మెట్టు, కాసేపు కింది మెట్టు తొక్కితే
సగటులో ఎనభై ఏడున్నర దొరుకుతుంది.
ఆ మాట చెబుదామని తలుపు దాకా వెళ్లాను.
అది ఎప్పటిలాగే సరిగా పడలేదు.